తూకానికి అందని పదార్థం

జంషెడ్‌పూరులో ప్రతి వస్తువుకూ ఒక తూకం ఉన్నది. ఖనిజం తూకమై కర్మాగారం లోపలికి పోతుంది. ఉక్కు తూకమై బయటికి వస్తుంది. 1912లో ఇక్కడ తొలి ఉక్కు దిమ్మ పోతపోసిన నాటి నుంచి ఊరి జీవితమంతా టన్నుల లెక్క మీదనే నడిచింది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి పొట్ట చేతబట్టుకొని వచ్చి, కద్మాలోనూ సోనారీలోనూ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కూడా ఆ లెక్క కొత్తది కాదు. లోపలికి పోయినదానికీ బయటికి వచ్చినదానికీ పొంతన కుదరకపోతే, తప్పు ఎక్కడో వెతకవలసిందే.

విశ్వం లెక్కలో అటువంటి తేడా ఒకటి 1933లో బయటపడింది. కోమా అనే నక్షత్ర వీథుల గుంపును పరిశీలించిన ఫ్రిట్జ్ జ్వికీ, అవి ఉండవలసిన వేగం కంటే ఎంతో ఎక్కువ వేగంతో తిరుగుతున్నట్లు గమనించాడు. కంటికి కనబడే పదార్థానికి మాత్రమే ఆకర్షణ ఉన్నట్లయితే ఆ గుంపు ఏనాడో చెదరిపోయి ఉండాలి. 1970లో వేరా రూబిన్, కెంట్ ఫోర్డ్ ఆండ్రోమెడా నక్షత్ర వీథిని కొలిచినప్పుడు, కేంద్రానికి దూరంగా ఉన్న భాగాలు సైతం వేగం తగ్గకుండా తిరగడం కనిపించింది. వెలుగును ఇవ్వక, వెలుగును అడ్డుకొనక, కేవలం తన బరువు చేత మాత్రమే ఉనికిని తెలిపే ఏదో ఒకటి అక్కడ ఉన్నది. దానికి కృష్ణ పదార్థమని పేరు పెట్టారు. నేటి లెక్కల ప్రకారం, విశ్వంలో మనకు పరిచయమైన పదార్థం నూటికి సుమారు 5 పాళ్ళు. కృష్ణ పదార్థం సుమారు 27 పాళ్ళు. తక్కిన 68 పాళ్ళు కృష్ణ శక్తి అనే మరొక చిక్కుముడి. జంషెడ్‌పూరు ఉక్కు అంతా, దానిని పోసిన మనుషులంతా, ఆ చిన్న 5 పాళ్ళలోని వారే.

ఆ తప్పిపోయిన బరువును వెదకే చోటు ఒకటి ఈ ఊరికి ఆమడ దూరం దాటితే వస్తుంది. జాదూగూడా మన దేశపు మొట్టమొదటి యురేనియం గని. అక్కడ శుద్ధి అయిన యురేనియం హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సుకు చేరుతుంది. ఆ గనిలో, భూమి ఉపరితలానికి 555 మీటర్ల లోతున, కలకత్తాలోని సాహా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ న్యూక్లియర్ ఫిజిక్స్ వారు ఒక ప్రయోగశాలను నెలకొల్పారు. 2017 సెప్టెంబరులో దానికి ప్రారంభోత్సవం జరిగింది.

ఆకాశంలో ఉన్నదానిని పాతాళంలో వెదకడం ఏమిటని ఎవరైనా అడగవచ్చు. విశ్వకిరణాల వల్ల పుట్టిన కణాలు పగలూ రాత్రీ భూమి మీద వానలాగా కురుస్తూనే ఉంటాయి. ఆ చప్పుడులో అతి సన్నని గుసగుసను వినడం అసాధ్యం. పైనున్న రాయి ఆ వానను చాలావరకు ఆపుతుంది. ఈ విద్య మనకు కొత్త కాదు. ఆంధ్ర సరిహద్దుకు దగ్గరలోని కోలారు బంగారు గనిలో, 1965లోనే వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడ పట్టారు. ఆ గని 2001లో మూతపడింది.

జాదూగూడాలోని పరికరం చూపుకు చాలా సామాన్యమైనది. జిగురు వంటి ద్రవ్యంలో ఒక ఫ్లోరిన్ ద్రవపు చిన్న చిన్న బిందువులు వేలాడుతుంటాయి. ఆ ద్రవం మరగవలసిన వేడిని దాటి కూడా మరగకుండా నిలిచి ఉంటుంది. కృష్ణ పదార్థపు కణం ఏదైనా వచ్చి అందులోని పరమాణు కేంద్రకాన్ని తాకితే, ఆ తాకిడికి బిందువు చటుక్కున ఆవిరి బుడగ అవుతుంది. ఆ చిరు శబ్దాన్ని పట్టుకొనేందుకు సున్నితమైన శ్రవణ యంత్రాలు ఉంటాయి. చుట్టూ ఉన్న రాతి నుంచి వచ్చే గామా కిరణాలకు ఆ బిందువులు సాధారణంగా చలించవు. న్యూట్రాన్లు మాత్రం మోసం చేయగలవు గనుక వాటిని జాగ్రత్తగా అడ్డుకోవాలి.

ఇంత శ్రమకు ప్రయోజనం ఒక్క కణం దొరకడమేనా? దాని వెనుక ఇంకా పెద్ద తగాదా ఒకటి ఉన్నది. 1915 నాటి సాధారణ సాపేక్షతా సిద్ధాంతం గురుత్వాకర్షణను దేశకాలాల వంపుగా వర్ణించింది. 1925 తరువాత రూపుదిద్దుకొన్న క్వాంటం సిద్ధాంతం పరమాణు లోకాన్ని సంభావ్యతల భాషలో వర్ణించింది. రెండూ తమ తమ రాజ్యాలలో నిర్దోషులు. నల్లబిలం నడిబొడ్డున, విశ్వం పుట్టిన తొలి క్షణాన, రెండింటినీ ఒకేసారి పలికించవలసి వచ్చినప్పుడు మాత్రం అవి ఒకదాని మాట ఒకదానికి అర్థం కాని అన్నదమ్ముల వలె నిలబడతాయి.

కృష్ణ పదార్థం సరిగ్గా ఆ సరిహద్దున నిలిచి ఉన్నది. దానిని గురించి మనకు తెలిసినదంతా గురుత్వాకర్షణ చెప్పినదే. అది కణమే అయితే క్వాంటం నియమాలకు లోబడక తప్పదు. ఆ రెండు సిద్ధాంతాలనూ ఏకం చేయబూనిన వారి సమీకరణాలలో ఆక్సియాన్, గ్రావిటినో వంటి కొత్త కణాలు ఎదురవుతాయి. వాటిలో ఏదో ఒకటి కృష్ణ పదార్థం కావచ్చునని కొందరి ఆశ. అది కణం కాదు, ఆకర్షణ సూత్రాన్నే సవరించాలని 1983లో మోర్డెహై మిల్‌గ్రోమ్ సూచించాడు. ఆకర్షణ అనేదే క్వాంటం సమాచారం నుంచి పుట్టుకువచ్చిన ఫలితమని ఎరిక్ వెర్లిండె 2016లో వాదించాడు. ఇవన్నీ ఊహలే. ఒక కణం దొరికినంత మాత్రాన రెండు సిద్ధాంతాలూ ఏకమైపోవు. కాని ఏ దారి మూసుకుపోయిందో, ఏ దారి తెరిచి ఉన్నదో అది చెప్పగలదు.

ఆ ప్రయోగశాలను నెలకొల్పిన సంస్థ స్థాపకుడు మేఘనాథ్ సాహా. అతడూ సత్యేంద్రనాథ్ బోసూ ఇరవై ఏడేళ్ళయినా నిండని వయసులో ఐన్‌స్టీన్ సాపేక్షతా వ్యాసాలను జర్మన్ నుంచి ఇంగ్లీషులోకి అనువదించారు; 1920లో కలకత్తా విశ్వవిద్యాలయం ఆ గ్రంథాన్ని ప్రచురించింది. నాలుగేళ్ళ తరువాత బోసు ఇంగ్లీషులో రాసిన క్వాంటం వ్యాసాన్ని ఐన్‌స్టీన్ స్వయంగా జర్మన్ లోకి అనువదించి అచ్చు వేయించాడు. మనుషులు ఒకరి సిద్ధాంతాన్ని మరొకరు తమ భాషలోకి తెచ్చుకొన్నారు. ఆ సిద్ధాంతాలు రెండూ ఒకదానినొకటి అర్థం చేసుకొనే భాష మాత్రం నూరేళ్ళు గడిచినా దొరకలేదు.

ఇంతవరకు ఆ కణం ఎవరికీ చిక్కలేదు. జాదూగూడాలో లేదు; అమెరికాలో పాత బంగారు గని అడుగున ఏడు టన్నుల ద్రవ క్సినాన్‌తో కాపలా కాస్తున్నవారికీ లేదు. లేదని చెప్పడం కూడా అక్కడ ఒక ఫలితమే. వినవలసిన శబ్దం వినలేదని నిజాయితీగా రాసి ఉంచడం విజ్ఞాన శాస్త్రంలో అరుదైన మర్యాద.

ఆ మర్యాద గని పైన ఉన్నవారికి కూడా దక్కాలి. చుట్టుపక్కల గ్రామాల ఆదివాసులు గని వ్యర్థాల వల్ల తమ ఆరోగ్యం చెడుతున్నదని ఏళ్ళ తరబడి మొరపెట్టుకొన్నారు. గని యాజమాన్యం ఆ మాటను ఒప్పుకోలేదు. 1999 నాటి శ్రీప్రకాశ్ డాక్యుమెంటరీ చిత్రం ఆ వేదనను లోకానికి చూపింది. కంటికి కనబడని కణం ఒకటి వచ్చి తాకిందా లేదా అని నెలల తరబడి చెవియొగ్గే ఓర్పు మనకు ఉన్నది. కంటి ఎదుట నిలిచి మాట్లాడే మనిషి మాటను కొలిచి చూచుకొనేందుకు అంతకంటే తక్కువ ఓర్పు చాలదు.

జంషెడ్‌పూరును ఒరుసుకొని పారే సువర్ణరేఖ నదిలో ఇసుకను జల్లించి బంగారు రేణువులు ఏరుకొనే పేదలు ఉన్నారు. పొద్దంతా వంగి పనిచేస్తే చేతికి వచ్చేది నలుసంత. అయినా మరునాడు మళ్ళీ వస్తారు. రాతి లోతున మరికొందరు మరొక నలుసు కోసం జల్లెడ పడుతున్నారు. ఈ రెండు నలుసులలో దేనినీ తేలికగా తూచరాదు.