బ్రాసెరీ

పారిసులో ఏ వీధి మొగలో నిలబడినా ఈ మాట రాసిన బోర్డు ఒకటి కనిపిస్తుంది. లోపల తెల్లగుడ్డ పరచిన బల్లలు, గోడలకు నిలువుటద్దాలు, నల్లకోటు మీద పొడుగాటి తెల్ల ఏప్రన్ కట్టుకుని పరుగులు తీసే సర్వర్లు. చూడగానే భోజన హోటలు అనుకుంటాం. కాని 'బ్రాసే' అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ గింజల్ని నీళ్లలో కాచి బీరు తయారుచెయ్యడం. బ్రాసెరీ అంటే అసలు బీరు కాచే చోటు. బీరు ఫ్యాక్టరీని ఫ్రెంచివాళ్లు ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తారు.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి గనక నాకిది వింతగా తోచలేదు. నువ్వుల నెయ్యి గనక నూనె అయింది. కొబ్బరినూనె అనేటప్పుడు నువ్వుల్ని ఎవరు తలుచుకుంటున్నారు?

సరే, బీరు కాచే చోటికి పళ్లేలూ ఫోర్కులూ ఎలా వచ్చాయి? దీని వెనుక ఒక యుద్ధం వుంది. ఫ్రాన్సుకు తూర్పున రైను నది ఒడ్డున ఆల్సాస్ అనే సీమ వుంది. బీరుకూ, పులియబెట్టిన క్యాబేజీకీ పుట్టిల్లు లాంటిది. 1870లో జర్మన్లతో పోరు వచ్చింది, ఫ్రాన్సు ఓడింది. మరుసటేడు ఆల్సాసూ, పక్కనున్న లొరేన్‌లో కొంత భాగమూ జర్మనీ వశమయ్యాయి. ఫ్రెంచివాళ్లుగానే వుంటామనేవాళ్లు 1872 అక్టోబరు 1 లోగా తేల్చుకుని, ఊరు విడిచి పోవాలన్నారు. తాత ముత్తాతల నాటి ఇల్లా, దేశమా? ఎంతోమంది ఇల్లు వదులుకున్నారు. అలా పారిసు చేరినవాళ్లలో కొందరు తమకు వచ్చిన విద్యనే నమ్ముకున్నారు. ద్రాక్ష తోటలకు పురుగు పట్టి ద్రాక్షసారా కరువైన రోజులు కూడా అవే కావడం వాళ్లకు కలిసివచ్చింది.

1880లో లెయొనార్ లిప్ అనే ఆల్సాస్ ఆయన సెంజెర్మెన్ వీధిలో ఒక బ్రాసెరీ తెరిచి, దానికి 'రైను తీరాల బ్రాసెరీ' అని పేరు పెట్టాడు. అప్పటికి ఆ తీరం వాళ్లది కాదు! తరవాత అది లిప్ పేరనే స్థిరపడింది. దాన్ని కొనుక్కున్న మార్సెలాన్ కాజ్ 1935లో ఏకంగా ఒక సాహిత్య బహుమతి నెలకొల్పాడు. హోటలు యజమాని రచయితలకు బహుమతి ఇవ్వడమన్నది నాకు ఎంత ముచ్చటగా వుందో చెప్పలేను.

నేను భోజనానికి కూర్చున్నది మాత్రం బాస్టిల్ దగ్గర, బోఫాంజేలో. యుద్ధానికి ముందే, 1864లో, మరో ఆల్సాస్ ఆయన పెట్టినది. నెత్తిన రంగుటద్దాల గుమ్మటం. పక్క బల్ల మీదికి షూక్రూత్ వచ్చింది. సన్నగా తరిగి, ఉప్పు వేసి, వారాల తరబడి పులియబెట్టిన క్యాబేజీ. దాని మీద పంది మాంసం, సాసేజిలు, ఉడికిన బంగాళాదుంపలు. ఆవకాయ జాడీ మూత తీసినట్టు పుల్లటి ఘాటు ముక్కుకు తగిలింది. నేను శాకాహారిని. క్యాబేజీ ఒక్కటీ పెట్టమందామంటే, అదీ కొవ్వులోనే మగ్గుతుందట. రొట్టె, బంగాళాదుంపలు, కాఫీతో సరిపెట్టుకున్నాను. అప్పుడు మధ్యాహ్నం మూడు దాటింది. మామూలు రెస్టారెంట్లు చాలామటుకు తలుపులు వేసుకునే వేళ. బ్రాసెరీలో ఆ పట్టింపు లేదు. పొద్దుటి నుంచి అర్ధరాత్రి దాకా ఎప్పుడు వెళ్లినా పొయ్యి వెలుగుతూనే వుండడం దాని ఆనవాయితీ.