మిలిటరీ వన్ టన్ బండి, మా పశువుల సాల



"ఆ మిలిటరీ బండి ఏటి చేసినార్రా? అమ్మేస్తారా, ఉంచుకుంటారా?" అని సీతంపేట నుంచి, గుమ్మలక్ష్మీపురం నుంచి చాలామంది అడుగుతున్నారు. ఒక్కొక్కరికి చెప్పే బదులు ఇక్కడే వివరంగా రాస్తున్నాం. కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మేం నలుగురం. ఇద్దరం సవరలం, ఇద్దరం జాతాపులం. ఇద్దరం ఐటీఐ చేశాం, ఒకరం డిగ్రీ చదువుతున్నాం, ఒకరం సాలూరులో లారీ షెడ్డులో పని చేస్తున్నాం. బండి దొరికింది కూడా సాలూరులోనే. విజయవాడ తర్వాత లారీలకు పేరున్న ఊరు అది. విజయనగరం నుంచి సాలూరు మీదుగా ఘాటెక్కి సుంకి, పొట్టంగి, కోరాపుట్ వెళ్లే రోడ్డు, ఇప్పుడు 26 నంబరు హైవే, ఒకప్పుడు 43, ఆ ఊరికి అన్నం పెట్టింది. మన కొండ పిల్లలు ఆ షెడ్లలో క్లీనర్లుగా, హెల్పర్లుగా చాలామంది కనిపిస్తారు. మేస్త్రీలుగా కనిపించేది తక్కువ. ఈ పని మొదలుపెట్టడానికి అసలు కారణం అదే. ఒక బండిని మొదటినుంచి చివరిదాకా మన చేతుల్తో విప్పి బిగించాలి అనుకున్నాం.

ఒక లారీ యార్డు వెనకాల, తుమ్మ మొక్కల మధ్య ఉంది అది. నిస్సాన్ వన్ టన్. మిలిటరీ వాళ్లు వాడి వేలంలో అమ్మేసిన బండి. ఓనరు నాన్నగారు ఎప్పుడో కొని, కొన్నాళ్లు కలప తోలి, ఆపేశారంట. తుక్కు ధరకి కొంచెం ఎక్కువ, 90 వేలకి ఇచ్చారు. ట్రాక్టరుకి కట్టి మా మామ వాళ్ల పశువుల సాలకి తెచ్చాం. ఆవుల్ని వేరే పాకలోకి మార్చినందుకు మామ్మ మమ్మల్ని ఇప్పటికీ తిడుతూనే ఉంది.

ఈ బళ్ల సంగతి కొంచెం చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక మిగిలిపోయిన జీపులు, ట్రక్కులు వేలంలో జనానికి వచ్చాయి. 'డిస్పోజల్ బండి' అనే మాట మన పెద్దలకు బాగా తెలుసు. తర్వాత మన దేశంలోనే తయారీ మొదలైంది. జర్మనీ మాన్ కంపెనీ లైసెన్సుతో శక్తిమాన్ ట్రక్కు 1959లో జబల్‌పూర్ గన్ క్యారేజ్ ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. జపాన్ నిస్సాన్ డిజైన్‌తో వన్ టన్, జోంగా కూడా జబల్‌పూర్‌లోనే తయారయ్యాయి. 'జోంగా' అంటే ఏదో కొండ మృగం పేరనుకున్నాం. జబల్‌పూర్ ఆర్డ్‌నెన్స్ అండ్ గన్ క్యారేజ్ అసెంబ్లీ అనే ఇంగ్లీషు పేరులోని అక్షరాలంట అవి.

మా బండి బంపరు మీద రంగు గీకుతుంటే మూడు పొరల కింద పైకి చూసే బాణం గుర్తు, పక్కన 78 అని కనిపించాయి. మిలిటరీ నంబరులో బాణం తర్వాత వచ్చే రెండు అంకెలు బండి తీసుకున్న సంవత్సరం. అంటే 1978 బండి. మాలో అందరికన్నా పెద్దది.

ఇక పని. ఇంజన్ ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజన్, దగ్గర దగ్గర 4 లీటర్లది. పూర్తిగా సీజ్ అయిపోయింది. సుత్తి, గడ్డపార ఏవీ ముట్టుకోవద్దని మేస్త్రి ముందే చెప్పారు. ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండర్‌లో డీజిలు, ఇంజనాయిలు కలిపి పోసి వదిలేశాం. రోజూ సాయంత్రం ముందు పుల్లీ బోల్టుకి పానా వేసి ఇటు కొంచెం, అటు కొంచెం మెల్లగా ఒత్తేవాళ్లం. పదకొండో రోజు వేలెడంత కదిలింది. ఆ రాత్రి మాకు నిద్ర లేదు. హెడ్డు విప్పితే రెండు సిలిండర్లలో తుప్పు వలయాలు. బ్లాకు సాలూరు తీసుకెళ్లి బోరింగ్ చేయించి, ఓవర్‌సైజు పిస్టన్లు వేయించాం.

ఇంజన్ తిరిగితే చాలు, వెంటనే నడిపేద్దాం అని మా తొందర. మేస్త్రి ఒప్పుకోలేదు. "కదలడం తరవాత బాబూ, ముందు ఆగడం సూసుకోండి" అన్నారు. నాలుగు డ్రమ్ములు విప్పితే వీల్ సిలిండర్లలో రబ్బరు కప్పులు రాయిలా గట్టిపడిపోయి ఉన్నాయి. బ్రేకు పైపులు లోపల తుప్పు పట్టి మూసుకుపోయాయి. అవన్నీ కొత్తవి. పెట్రోలు ట్యాంకులో గుప్పెడు కంకర రాళ్లు, నీళ్లు పోసి, తాడు కట్టి ఊపి ఊపి తుప్పు రాల్చాం. కార్బొరేటర్ ఏడుసార్లు విప్పాం. పాయింట్లు శుభ్రం చేసి, 1-5-3-6-2-4 వరసలో ప్లగ్గు వైర్లు పెట్టడం ఇప్పుడు మా చెల్లికి కూడా వచ్చు. మాకంటే వేగంగా పెడుతుంది.

వెనక తొట్టి చెక్కలు పూర్తిగా పుచ్చిపోయాయి. నాగళ్లు చేసే మా ఊరి వడ్రంగి తాత, కూలిపోయిన పాత ఇంటి దూలాలు కోసి కొత్త చెక్కలు బిగించాడు. టేపు పట్టలేదు, జానలతో కొలిచాడు. ఒక్క చెక్క తేడా రాలేదు. మొత్తం ఖర్చు, బండి ధర కాకుండా, లక్షా 40 వేలు. కూలి మాదే కాబట్టి అంతలో అయ్యింది.

గొడవ వచ్చింది రంగు దగ్గర. మిలిటరీ బండి కదా, మిలిటరీ పచ్చ రంగే వేద్దాం, ఫోటోలు బాగుంటాయి అనుకున్నాం. డబ్బా కొనడానికి వెళ్తుంటే ఎనభై దాటిన మా తాత ఆపాడు. "ఆ రంగు ఎయ్యకండి. ఆ రంగు బండి ఊర్లోకొత్తే మేం కొండెక్కి దాక్కునీవోళ్లం" అన్నాడు. అంతే, ఇంకేం చెప్పలేదు.

మనకి పుస్తకాల్లో తెలిసిందే. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర, మొండెంఖల్ సభకి వెళ్తున్న గిరిజనుల మీద భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. ఆ తర్వాత శ్రీకాకుళం కొండల్లోకి పోలీసు క్యాంపులు వచ్చాయి. మనం దాన్ని ఉద్యమ చరిత్రగా చదువుకుంటాం, మీటింగుల్లో మాట్లాడతాం. తాతకి మాత్రం అది ఒక రంగు, ఒక ఇంజన్ చప్పుడు. పోలీసుదా మిలిటరీదా అని దాక్కునేవాడు చూడడు కదా. మేం బండి మొదటిసారి స్టార్ట్ చేసిన రోజు ఊరంతా వచ్చి చప్పట్లు కొట్టారు, తాత రాలేదు. ఎందుకు రాలేదో అప్పుడు అర్థమయ్యింది.

మాలో ఒకరం చట్టం కూడా చూశాం. మోటారు వాహనాల రూల్స్‌లో 121 ప్రకారం రక్షణ శాఖ బళ్లకి తప్ప ఇంకే బండికీ ఆ ఆలివ్ గ్రీన్ వెయ్యకూడదు. తాత మాట, ప్రభుత్వం మాట ఒకటయ్యాయి. ఎర్రమట్టి రంగు వేశాం. దాని మీద తెల్లగా మన సవర గోడ బొమ్మలు వేద్దామని ఒక ఆలోచన వచ్చింది. పెద్దలు వద్దన్నారు. అవి ఇంట్లో పూర్వీకుల కోసం, కొలుపు కోసం వేసే బొమ్మలు, బండికి సింగారం కోసం కాదు అన్నారు. నిజమే. వదిలేశాం.

విశాఖ నుంచి పాత బళ్లు సేకరించే ఒకాయన వచ్చి చూశారు. 4 లక్షలు ఇస్తాం, పాత రంగు మేమే వేసుకుంటాం అన్నారు. మా నలుగురిలో ఒకరికి చెల్లి నర్సింగ్ ఫీజు కట్టాలి. ఇంకొకరికి అప్పుంది. కాబట్టి 'ఛీ, అమ్మం' అని పెద్ద మాటలు మాట్లాడలేదు. మూడు రాత్రులు కూర్చున్నాం. ఉంచుకుంటే దేనికి అన్నది తేలాలి కదా.

'వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించండి' అని కొందరు సలహా ఇచ్చారు. 2021లో కేంద్రం తెచ్చిన ఆ రూల్స్ టూ వీలర్లకి, సొంతానికి వాడే కార్ల లాంటి బళ్లకి. మొదటి రిజిస్ట్రేషన్ అయ్యి 50 ఏళ్లు దాటాలి. ఫీజు 20 వేలు. రోజువారీ పనికి, వ్యాపారానికి రోడ్డు మీద తిప్పకూడదు. మాది సరుకు బండి, 50 ఏళ్లూ నిండలేదు. ఆ దారి లేదు. ఆర్సీ పుస్తకం ఉంది గానీ గడువు ఎప్పుడో పోయింది. ఫిట్‌నెస్ కోసం తిరుగుతున్నాం. అది వచ్చేదాకా మా మామ పొలం గట్టు దాటదు.

ఇంకొందరు, "డోలీ మోతలు తప్పుతాయి, గర్భిణుల్ని ఇందులో దించండి" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. కానీ గట్టి పట్టీల మీద ఎగిరే సరుకు బండి తొట్టిలో పురిటి నొప్పులు పడే మనిషిని పడుకోబెట్టడం సాయం అవ్వదు. ఫోర్ వీల్ లో గేర్ వేస్తే వాగు దాటుతుంది, బురద ఎక్కుతుంది, నిజమే. అయినా మా పై ఊరికి కాలిబాటే ఉంది. దాని మీద ఏ మిలిటరీ బండీ ఎక్కదు. ఈ బండిని చూపించి 'మీకు బండి ఉంది కదా' అని ఎవరైనా రోడ్డు అడగడం మానేయమంటే అది ఇంకా నష్టం. రోడ్డు అడుగుతూనే ఉంటాం.

చివరికి అమ్మకూడదని తేల్చాం. ఫీజు డబ్బు మిగతా ముగ్గురం సర్దాం, నెలనెలా తీరుతుంది. బండి సాలలోనే ఉంటుంది. ఆదివారాల్లో మక్కువ, పాచిపెంట వైపు నుంచి కూడా పిల్లలు వస్తున్నారు, ఇప్పటికి తొమ్మిది మంది. వాళ్లతో బ్రేకు డ్రమ్ములు మళ్లీ విప్పిస్తున్నాం, మళ్లీ బిగింపిస్తున్నాం. ఎందుకంటే కొత్త లారీలో ఏం పోయిందో కంప్యూటర్ పెట్టి చూస్తారు, అది నేర్పేవాళ్లు మనల్ని దగ్గరకి రానివ్వరు. ఈ బండిలో పెట్రోలు ఎటు పోతుందో, నిప్పు ఎక్కడ పుడుతుందో కంటితో చూడొచ్చు, చేత్తో ముట్టుకోవచ్చు. ఇది వచ్చినవాడికి ఆ కంప్యూటర్ దగ్గర భయం ఉండదు.

మీ ఊర్లో ఐటీఐ చదివి ఖాళీగా ఉన్న తమ్ముళ్లు, పని మీద ఇష్టం ఉన్న చెల్లెళ్లు ఎవరైనా ఉంటే పంపించండి. అన్నం మా ఇంట్లో తింటారు. పాత బట్టలు తెచ్చుకోమనండి, గ్రీజు వదలదు.

తాత మొన్న సాల దాకా వచ్చాడు. బండి చుట్టూ తిరిగి, తొట్టి చెక్క మీద చెయ్యేసి, "దూలం మంచిది" అన్నాడు. ఎక్కమంటే ఎక్కలేదు. మేం బలవంతం చెయ్యలేదు.

జోహార్.