పాత రిపోర్టు తెచ్చినవా కాకా?

పొద్దున ల్యాబ్ తలుపు తీసేసరికే బెంచీ మీద ఇద్దరు ముగ్గురు ఉంటారు. నంగునూరులో ఎవరూ పరగడుపున ఆలస్యం చేయరు, పొలానికి పోవాలి మరి. ఆమధ్య ఒక కాక ప్లాస్టిక్ కవర్‌లోంచి రెండు రిపోర్టులు తీసి నా ముందు పరిచాడు.

"పోయిన నెల క్రియాటినిన్ 1.1 ఉండె. ఇయ్యాల 1.4 అని నల్లగ కొట్టిన్రు. కిడ్నీలు పోయినట్టేనా సారూ?"

"నిన్న రాత్రి ఏం తిన్నవ్ కాకా?"

"బిడ్డ ఇంట్ల దావత్. యాట కోసిన్రు."

వండిన మాంసం తిన్నాక కొన్ని గంటలపాటు క్రియాటినిన్ పెరుగుతుంది. ఎండలో పనిచేసి నీళ్లు తాగకపోయినా అంతే. నాలుగు రోజులు మటన్ ముట్టకుండా, నీళ్లు సరిగ్గా తాగి రమ్మన్నాను. ఈసారి 1.2. అయినా రెండు కాగితాలూ డాక్టర్‌కు చూపించమనే పంపాను.

రెండు అంకెలను పక్కపక్కన పెట్టేముందు ఆ రెండు శాంపిళ్లూ ఒకే తీరున తీసినవేనా అని చూడాలి. ఒకటి పరగడుపున, ఇంకొకటి చాయ్ తాగి తీస్తే షుగర్‌ను పోల్చి లాభం లేదు. బూడిదరంగు మూత ట్యూబులో ఫ్లోరైడ్ ఉంటుంది. అది లేని ట్యూబులో రక్తాన్ని అట్లాగే ఉంచితే కణాలే గంటకు ఐదారు శాతం గ్లూకోజ్ తినేస్తాయి. సిరంజీలోంచి రక్తాన్ని బలంగా నెడితే కణాలు పగిలి సీరం గులాబీరంగులో తేలుతుంది, పొటాషియం ఎక్కువ చూపిస్తుంది. అది రోగి జబ్బు కాదు, నా చేతిపని.

ఒకసారి నేనే తప్పు చేశాను. డెంగీ రోజులు. ఒక పిల్లవాడికి మెషిన్ ప్లేట్‌లెట్లు 38 వేలు చూపింది, అదే రాసిచ్చాను. తల్లిదండ్రులు రాత్రికి రాత్రే బండి మాట్లాడుకొని పట్నం పోయారు. అక్కడ స్లైడ్ చూస్తే ప్లేట్‌లెట్లు గుత్తులుగా అతుక్కుని ఉన్నాయి. వూదామూత ట్యూబులోని ఈడీటీఏ వల్ల కొందరి రక్తంలో అట్లా జరుగుతుంది, మెషిన్ గుత్తిని లెక్కపెట్టలేదు. నీలంమూత ట్యూబులో మళ్లీ తీస్తే లక్షా ఎనభై వేలు. స్లైడ్ చూడటానికి నాకు పది నిమిషాలు పట్టేది. ఇప్పుడు లక్షలోపు ఏది వచ్చినా స్లైడ్ చూడనిదే సంతకం పెట్టను.

నార్మల్ రేంజ్ దాటి నల్లగా అచ్చయిన అంకెకు అందరూ భయపడతారు. నన్ను భయపెట్టింది మాత్రం ఒక టీచరమ్మ రిపోర్టు. మూడేళ్లలో క్రియాటినిన్ 0.7, 0.9, 1.1. మూడూ నార్మల్ రేంజ్‌లోనే, ఒక్కటీ నల్లగా లేదు. ఆ రేంజ్ ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో 95 శాతం మందికి వచ్చే అంకెల నుంచి కట్టింది, ఆమె ఒంటిని చూసి కట్టింది కాదు. డాక్టర్ దగ్గరికి పంపితే బీపీ 160 తేలింది.

అందుకే అడుగుతున్నా, పాత రిపోర్టులు పారేయకండి. వాటి వెనకాల, పరీక్షకు ముందురోజు ఏం తిన్నారో, ఏ మాత్ర వేసుకున్నారో పెన్నుతో రాయండి. కాక ఇప్పుడు మనవడితో రాయించుకొనే వస్తున్నాడు: "యాట తినలే."