బంతిలో చోటు

అక్టోబర్ 31, రైల్లో

బాసర రాకముందే గోదావరి వంతెన. పక్క సీటు ముసలమ్మ కొంగుముడి విప్పి రూపాయి బిళ్ల నదిలోకి విసిరి దండం పెట్టుకుంది. ఈ నీళ్లు నాందేడ్ మీదుగా వచ్చినవే. నేను ఏటికి ఎదురు వెళ్తున్నాను.

నవంబర్ 1, తెల్లవారుజాము, నాందేడ్

ఇంకా చీకటిగానే ఉంది. గోదావరి నుంచి గాగర్‌లో నీళ్లు వచ్చాయి. గాగర్ అంటే మన బిందె. ఆ నీళ్లతోనే సిక్కుల గురుద్వారా హజూర్ సాహిబ్ లోపలి మందిరం కడుగుతారు. 1708లో గురు గోవింద్ సింగ్ ఇక్కడే కన్నుమూశారు. తన తర్వాత సిక్కుల పవిత్ర గ్రంథమే గురువని చెప్పి వెళ్లారు. ఈ కట్టడం 1832–37 మధ్య మహారాజా రంజీత్ సింగ్ కట్టించింది. అప్పుడు ఈ ఊరు నిజాం ఏలుబడిలోది.

మధ్యాహ్నం

లంగర్, అంటే గురుద్వారాలో అందరికీ పెట్టే భోజనం. నేల మీద పొడుగాటి పట్టాలు పరిచారు. నాకు ఎడమపక్క లారీ డ్రైవర్, కుడిపక్క పట్టుచీర పెద్దావిడ. రొట్టెల కుర్రాడు వస్తే పళ్లెం ముందుకు జరిపాను. అతను వెయ్యలేదు. పెద్దావిడ రెండు అరచేతులూ చేర్చి చూపించింది. నేనూ అలాగే పట్టాను. వేడి రొట్టె దోసిట్లో పడింది. ఇక్కడ రొట్టె కూడా ప్రసాదమే.

ఈ వరసని పంగత్ అంటారు. మూడో గురువు అమర్‌దాస్ తన దర్శనానికి వచ్చినవాళ్లని ముందు పంగత్‌లో కూర్చుని తినమనేవారట. పంగత్ అంటే మన పంక్తే, మన బంతే. అదే మాటలోంచి మనం పంక్తిభేదాన్నీ, పంక్తిబాహ్యుణ్ణీ పుట్టించుకున్నాం.

రాత్రి

నిద్ర పట్టలేదు. నా ఎనిమిదో ఏట, అమ్మమ్మ ఊళ్లో పెళ్లి. పందిట్లో మూడు బంతులు లేచాక, కట్టెలు కొట్టినవాళ్లని గొడ్లపాక వెనక కూర్చోబెట్టారు. ఒకావిడ దోసిలి పట్టింది. ఎక్కడ తగులుతుందోనని పైనుంచి పడేశారు. సగం అన్నం మట్టిలో పడింది. ఇవాళ నేను పట్టింది ఆ దోసిలే.

నవంబర్ 2

చెప్పులు భద్రపరిచే చోట తెల్లగడ్డం పెద్దాయన తెలుగులో పలకరించాడు. "మాది హైదరాబాదేనమ్మా, అత్తాపూర్ సిక్కు ఛావనీ." వాళ్ల పూర్వీకులు రంజీత్ సింగ్ పంపిన ఫౌజుతో నిజాం కొలువుకి వచ్చారట. ఎవరి చెప్పులో చూడకుండా తుడిచి పెడుతున్నాడు. గ్రంథం గురించి అడిగాను. "1430 పుటలమ్మా. గురువుల పక్కనే దర్జీ నామదేవ్, నేతపని కబీర్, చెప్పులు కుట్టిన రవిదాస్, ముసల్మాన్ షేక్ ఫరీద్. అదీ పంగతే" అన్నాడు.

నవంబర్ 5, హైదరాబాద్

గురునానక్ జయంతి. అమీర్‌పేట గురుద్వారాలో సేవ చేస్తానని అడిగాను. తల కప్పుకుని, చేతులు కడుక్కుని రమ్మని రొట్టెల బుట్ట ఇచ్చారు. వరస చివర ఒకావిడ, ఒళ్లో పసిపిల్ల. కాయకష్టంతో కాయలు కాసిన అరచేతులు రెండూ చాచింది. నిలబడి వేసినా రొట్టె దోసిట్లోనే పడేది. నేను మోకాళ్ల మీద కూర్చుని చేతికిచ్చాను.