నూగింజంత నొక్కు

వాచీకి పాలిష్ అంటే మాసినదాన్ని తుడిచి, పైన ఏదో మెరుపు పూస్తారని అనుకునేవాణ్ణి. పూసేది ఏమీ ఉండదు. ఉన్న లోహాన్ని అరగదీస్తారు, అంతే. ఈ ఒక్క ముక్క ముందే తెలిసి ఉంటే మా మామయ్యగారి ఒమేగా ఇవాళ ఇంకోలా ఉండేది. కొత్త ఫోను కొనాలంటే నాలుగు చోట్ల వాకబు చేసే మనిషిని నేను. ఆ రోజు మాత్రం కౌంటరు వెనకున్న కుర్రాడు అడిగినదానికి తల ఊపి వచ్చేశాను. మీరైనా ఊపుతారు. ఆ ప్రశ్న మన మేలు కోరి అడుగుతున్నట్టే ఉంటుంది.

మామయ్యగారు మర్చంట్ నేవీలో ఇంజనీరుగా చేసి విశాఖపట్నంలో స్థిరపడ్డారు. అరవైల్లో ఓడ సింగపూర్‌లో ఆగినప్పుడు జీతం డబ్బులతో కొన్నారట ఆ వాచీ. ఒమేగా కాన్‌స్టెలేషన్, స్టీలుది, ఆటోమేటిక్. 1952లో మొదలైన వరస అది. డయలు మధ్యలో చదునుగా ఉండి, అంచుల దగ్గర పన్నెండు పలకలుగా కిందికి వాలుతుంది. వెనక మూత మీద ఉబ్బెత్తుగా ఒక వేధశాల గుమ్మటం, దాని పైన ఎనిమిది నక్షత్రాలు. వేధశాలల్లో అప్పట్లో జరిగే సమయ పరీక్షల్లో ఆ కంపెనీ గడియారాలు సాధించిన పేరుకు గుర్తుగా వేసిన బొమ్మ. కీ తిప్పే గుండీకి పది ముఖాలు. పట్టీ బిగించే నాలుగు కొమ్ములు, వాచీలవాళ్లు లగ్స్ అంటారు, కొంతదూరం తిన్నగా వచ్చి ఒక్కసారిగా కిందికి వంగుతాయి. ఆ వంగే చోట పదునైన అంచు ఉంటుంది. ఇదంతా ఇప్పుడు కంఠతా వచ్చు. పాలిష్‌కి ఇచ్చేనాటికి ఇందులో ఒక్కటీ కళ్లు పెట్టి చూసి ఉండలేదు.

రిటైరయ్యాక ఒక సంక్రాంతికి మేం వెళ్లినప్పుడు దాన్ని చేతి నుంచి తీసి నాకిచ్చారు. "నాకిక టైముతో పనేముంది బాబూ, మీరు పెట్టుకోండి" అన్నారు. పుచ్చుకున్నాను గానీ, పెద్దగా పెట్టుకోలేదు. గ్లాసు మసకబారింది. కేసు నిండా సన్నని గీతలు. ఆఫీసులో కొత్త వాచీల పక్కన అది దిగదుడుపుగా కనిపించేది. దాన్ని చూసి ఎవరైనా "ఒమేగానా!" అంటే బాగుండునని ఉండేది, కానీ ఆ గీతల వెనక ఉన్న ఒమేగాను ఎవరు గుర్తుపడతారులే అనిపించేది. అసలు సంగతి ఇదే. వాచీ బాగుండాలని కాదు, అది నా చేతి మీద మెరవాలని నా ఆశ.

మా బావమరిది పెళ్లి కుదిరింది. సర్వీసింగ్ చేయిద్దామని ఒక షాపుకు వెళ్లాను. ఖరీదైన షాపే, ఏసీ, అద్దాల అరలు. కుర్రాడు వాచీ అటూ ఇటూ తిప్పి, "కేసు పాలిష్ కూడా చేయించేద్దామా సార్? కొత్తదాన్లా వస్తుంది" అన్నాడు. సర్వీసింగ్ ఖర్చు ముందు ఆ పాలిష్ డబ్బు లెక్కలోది కాదు. చేయించెయ్యమన్నాను. ఎవరు చేస్తారు, ఎలా చేస్తారు, లోపలి యంత్రం బయటికి తీసి చేస్తారా, ఏ భాగం మెరవాలి, ఏ భాగం మెరవకూడదు, ఏదీ అడగలేదు. రసీదు మీద "ఫుల్ సర్వీస్ అండ్ పాలిష్" అని రాసుంది. సంతకం పెట్టాను.

తిరిగొచ్చిన రోజు ఎంత సంబరపడ్డానో! గీత అనేది లేదు. చూసుకుంటే ముఖం కనిపిస్తోంది. పెళ్లిలో చొక్కా చెయ్యి కావాలనే కాస్త పైకి మడిచి తిరిగాను.

భోజనాల దగ్గర మామయ్యగారు పక్కన కూర్చుని నా చెయ్యి తన చేతిలోకి తీసుకున్నారు. బొటనవేలితో వాచీ కింది భాగం తడిమారు. మళ్లీ తడిమారు. కళ్లజోడు సర్దుకుని, "ఇక్కడో నొక్కుండాలే" అన్నారు. కింద కుడివైపు లగ్ మీద నూగింజంత నొక్కు ఒకటి ఉండేది, నాకూ గుర్తే. ఇంజన్ రూమ్‌లో నిచ్చెన దిగుతూ ఓడ ఊపుకు కాలు జారినప్పుడు ఇనప కడ్డీకి తగిలి పడిందట. ఆ కడ్డీ పట్టుకోబట్టే కింద పడలేదట. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆ కథ నాతో ఎప్పుడూ చెప్పలేదు. నొక్కు పోయాకే చెప్పారు. "పాలిష్ చేయించాను మామయ్యా" అన్నాను. "అలాగా. బాగుంది బాబూ" అని చెయ్యి వదిలేసి పెరుగు వడ్డించమన్నారు. ఆ "బాగుంది" నాకు రుచించలేదు. అయినా, తప్పు చేశానని అప్పటికీ తోచలేదు. పాత గుర్తొకటి పోయినందుకు పెద్దాయన కాస్త నొచ్చుకున్నారంతే అనుకున్నాను.

అసలు సంగతి హైదరాబాద్‌లో తెలిసింది. వానాకాలం వచ్చేసరికి వాచీ గ్లాసు లోపల ఆవిరి పట్టడం మొదలైంది. ఈసారి ఒక స్నేహితుడు చెబితే, ఇంట్లోనే చిన్న గదిలో పాత స్విస్ వాచీలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన మూత విప్పకముందే, కంటికి భూతద్దం పెట్టుకుని బయటివైపే చాలాసేపు చూశారు. "ఎవరు చేశారు సార్ ఇది?" అన్నారు. చెప్పాను. ఇంకేమీ అనకుండా సొరుగు లాగి ఇంకో కాన్‌స్టెలేషన్ తీశారు. అదే రకం కేసు, ఎవరిదో, ఎప్పుడూ పాలిష్ పడనిది. నిండా గీతలు. రెంటినీ పక్కపక్కన పెట్టి, "ట్యూబులైటు నీడ దీంట్లో చూడండి, తర్వాత మీదాంట్లో చూడండి" అన్నారు.

గీతలు పడ్డ ఆ వాచీ లగ్ మీద ట్యూబులైటు తిన్నని తెల్లటి గీతలా పడింది. వాచీని మెల్లగా వంచితే ఆ వెలుగు లగ్ వెంట కదిలి, వంగే అంచు దగ్గరికి రాగానే టక్కున ఆగి, అవతలి ముఖం మీదికి దూకింది. రెండు ముఖాలు, మధ్యన ఒక గీత. నాదాంట్లో అదే వెలుగు లగ్ మీద వంకర్లు పోతూ సాగి, ఎక్కడా ఆగకుండా కిందికి జారిపోయింది. అంచు లేదు. ఒక ముఖం ఎక్కడ అయిపోయిందో, రెండోది ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. నాలుగు లగ్స్‌కీ నాలుగు రకాల మందం. గుండీకి పది ముఖాలుండాల్సిన చోట వేలికి నున్నగా జారే గుండ్రటి బిళ్ల ఉంది. వెనక్కి తిప్పారు. గుమ్మటం ఆనవాలు మిగిలింది. పైనున్న నక్షత్రాల్లో కొన్నింటి కొనలు కరిగి చుక్కలైపోయాయి.

ఏం మాట్లాడాలో తోచలేదు. అప్పటిదాకా నాకు అందంగా కనిపించిన వాచీ అదే బల్ల మీద, అదే వెలుగులో, ఆ గీతల వాచీ పక్కన అరిగిపోయిన నాణెంలా కనిపించింది. మారింది నా చూపే. ఒకసారి కనిపించాక మళ్లీ కనిపించకుండా పోదు.

ఆ పెద్దాయన ఓపిగ్గా చెప్పారు. మామూలు గీత పడినప్పుడు వాచీ లోహం పెద్దగా పోదు, చాలావరకు పక్కకు నెట్టుకుపోతుంది. ఆ గీత కనిపించకుండా పోవాలంటే దాన్ని పూడ్చడం కాదు, చుట్టూ ఉన్న లోహాన్నంతా ఆ గీత అడుగు దాకా దించాలి. చెక్క మీద గాటు పడితే పలకంతా చిత్రిక పట్టినట్టు. గుడ్డతో చేసిన బఫింగ్ చక్రం మెత్తనిది. చదునైన చోట అది చదునుగా తీయలేదు, అంచు తగిలితే అటూ ఇటూ వంగి అంచునే ఎక్కువ తింటుంది. అందుకే మొదట పోయేది అంచులు, అక్షరాలు, చెక్కడాలు. నా నూగింజంత నొక్కు పోయేదాకా ఆ చక్రానికి ఒత్తిపెట్టారంటే ఆ లగ్ ఎంత తరిగి ఉండాలో మీరే ఊహించుకోండి. పైగా యంత్రాన్ని విప్పి తీయకుండానే చేసినట్టున్నారు. మూత సందుల్లో, గుండీ మెడ దగ్గర ఆకుపచ్చ పాలిష్ మైనం ఎండి పేరుకుంది. మూత కేసుకు ఆనే చోట కూడా చక్రం తగిలింది. రబ్బరు వాషరు సరిగ్గా ఒత్తుకోవడం లేదు. ఆవిరి వచ్చింది అందుకు.

వాచీ ధర సంగతి నేనడగలేదు గానీ ఆయనే ఎత్తారు. పాత వాచీలు కొనేవాళ్లు మొదట చూసేది కేసు ఆకారాన్నే, గీతల్ని కాదు. పాలిష్ పడనిదంటే అదొక అర్హత వాళ్లకి. నటుడు పాల్ న్యూమన్ పెట్టుకున్న రోలెక్స్ డేటోనా 2017లో న్యూయార్క్ వేలంలో కోటీ డెబ్బై ఏడు లక్షల డాలర్ల పైచిలుకు పలికింది. దాని వెనక మూత మీద జాగ్రత్తగా నడపమని భార్య చెక్కించిన మాట ఉంది. ఎవరైనా దాన్ని కొత్తదాన్లా చేద్దామని చక్రానికి పట్టించి ఉంటే ఆ అక్షరాలు ఏమయ్యేవో!

ఈ ప్రమాదం పాత ఒమేగాలకే పరిమితం కాదు. 1972లో జెరాల్డ్ జెంటా డిజైన్‌తో వచ్చిన ఆడెమార్ పిగే రాయల్ ఓక్ అందమంతా రెండు రకాల పనితనంలో ఉంది. చదునైన ముఖాలు సన్నని గీతలతో మాట్‌గా ఉంటాయి, వాటి అంచున సన్నటి అద్దపు వాలు. ఆ రెండూ చక్రం కింద కలిసిపోతే మిగిలేది ఖరీదైన స్టీలు ముద్ద. గ్రాండ్ సీకో కేసుల మీద జరాట్సు అనే పద్ధతిలో వంకర లేని అద్దపు ముఖాలు తీస్తారు. చదునుగా తిరిగే పళ్లెం మీద చేయి తిరిగినవాడు చేసే పని అది. బజారులో గుడ్డ చక్రంతో దాన్ని మళ్లీ తెప్పించడం జరగని పని. మన ఇళ్లలో ఎక్కువగా ఉండే బంగారు పూత వాచీలది ఇంకో కష్టం. ఫావ్రే లూబా లాంటి వాటిలో కొన్నింటి వెనక ఇరవై మైక్రాన్లు అని రాసుంటుంది. అంటే మిల్లీమీటరులో యాభయ్యో వంతు. అంచుల దగ్గర అది ఒక్క పాలిష్‌తో పోయి కింద ఇత్తడి బయటపడుతుంది. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ల చేతికి మెరిసే రాడో డయాస్టార్ ఒక్కటే ఈ గొడవ పెద్దగా ఎరగదు. 1962లో సులువుగా గీత పడని గట్టి లోహంతో వచ్చింది అది.

పాలిష్ అంటేనే పాపమని నేననను. రోజూ పెట్టుకునే కొత్త తరం స్టీలు వాచీని, తయారీ కంపెనీ సొంత వర్క్‌షాపులో, ఏ ముఖం మాట్‌గా ఉండాలో ఏది మెరవాలో తెలిసినవాళ్లు ఒకసారి చేస్తే పెద్ద నష్టం లేదు. గ్లాసు మీద గీతల గురించైతే భయమే అక్కర్లేదు. ఆ రోజుల గ్లాసు ప్లాస్టిక్, రుద్దితే గీతలు పోతాయి, కాకపోతే మార్చుకోవచ్చు. మా వాచీకి ఆ షాపువాళ్లు రుద్దకుండా మార్చేశారు. పాత గ్లాసు నడిమధ్యన భూతద్దానికి మాత్రమే అందే ఒమేగా గుర్తు ఉండేదని, ఇప్పుడున్నదానికి అది లేదని పెద్దాయన చెబితే తెలిసింది. పాతది తిరిగిమ్మని అడగాలన్న ఆలోచనే నాకు రాలేదు.

లేజర్ వెల్డింగ్‌తో లోహం నింపి, మళ్లీ ముఖాలు తీయించవచ్చునట. ఆ పని తెలిసినవాళ్లకు పంపాలి, ఖర్చు కూడా గట్టిగానే. ముందు అసలు ఆకారం ఎలా ఉండేదో దగ్గరగా తీసిన ఫొటోలు కావాలన్నారు. నా దగ్గర ఒక్కటీ లేదు. మామయ్యగారి ఆల్బంలన్నీ తిరగేశాను. ఓడ డెక్కు మీద, పెళ్లిపీటల మీద, పాపను ఎత్తుకుని, ప్రతి ఫొటోలోనూ ఆ వాచీ ఉంది. లగ్స్ మాత్రం చొక్కా అంచు కిందో, చెయ్యి నీడలోనో ఉన్నాయి. ఆ ప్రయత్నం మానుకున్నాను. నింపినా అది వేరే లోహం, ఆ నొక్కు రాదు. వాషరు, గుండీ మార్పించి, ఇప్పుడు రోజూ పెట్టుకుంటున్నాను.

మొన్న మా బావమరిది డల్లాస్ నుంచి వచ్చాడు. తన రోలెక్స్ డేట్‌జస్ట్ సర్వీసుకు ఇవ్వబోతున్నాడట. "పాలిష్ కూడా అందులోనే కలిపి చేస్తారట బావా, విడిగా డబ్బు తీసుకోరు" అన్నాడు. కూర్చోబెట్టి మొదట అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీయించాను, లగ్స్, గ్లాసు చుట్టూ ఉండే బెజెల్ పళ్లు, వెనక మూత అన్నీ. "కేసు, బ్రేస్‌లెట్ పాలిష్ చేయకూడదు. డయలు, ముళ్లు మార్చకూడదు. మార్చిన ప్రతి పాత భాగం తిరిగివ్వాలి" అని ఫారం మీద తన చేత్తోనే రాయమన్నాను. నోటితో చెబితే కౌంటరు దగ్గరే ఆగిపోతుంది, లోపల పనిచేసేవాడి దాకా వెళ్లేది ఆ కాగితమే. బ్రేస్‌లెట్ బాగా పాతబడిందని వాడు ఇంకా నసుగుతుంటే, గోరువెచ్చని సబ్బునీళ్లలో మెత్తటి టూత్‌బ్రష్‌తో లింకుల సందులు తోమించాను, అదీ గుండీ గట్టిగా బిగించి ఉందని చూశాకే. గిన్నెలో నీళ్లు నల్లగా దిగాయి. వాడు పాతదనం అనుకున్నదాంట్లో సగం చెమటా మట్టీ.