అయస్కాంతం ఆనించిన రాళ్లు

ఉల్కల మీద మోజు పుట్టినవాళ్లు ముందుగా కొనుక్కునేది అయస్కాంతమే. నేనూ అంతే. ఉద్యోగరీత్యా ఆరిజోనా వచ్చి స్థిరపడ్డాక, సెలవు రోజుల్లో ఎడారిలో రాళ్ల కోసం తిరిగే ఒక బృందంతో పరిచయమైంది. వాళ్లందరికీ చేతికర్రలుండేవి. ప్రతి కర్ర చివరా రూపాయి బిళ్లంత నియోడిమియం అయస్కాంతం. నల్లగా కనబడ్డ ప్రతి రాయినీ నడుం వంచకుండానే తాకి చూడటం, అతుక్కుంటే సంచిలో వేసుకోవడం. 1912 జులై 19న హోల్‌బ్రూక్ దగ్గర వేలకొద్దీ రాళ్లు రాలాయి. వందేళ్లు దాటినా అక్కడ శనగగింజంత ఉల్కలు దొరుకుతూనే ఉన్నాయంటే, అందులో ఆ కర్రలదే పెద్ద పాత్ర.

చాలా ఉల్కల్లో నికెల్ కలిసిన ఇనుప రేణువులుంటాయి కాబట్టి అయస్కాంతానికి అతుక్కుంటాయి. భూమి మీది మామూలు రాళ్లు ఎక్కువ శాతం అతుక్కోవు. అందుకే ఆ పరీక్ష అంత పేరు తెచ్చుకుంది. రాయి గురించి అయస్కాంతం ఏం చెబుతుందో నాకు బాగా తెలుసు. రాయిని అయస్కాంతం ఏం చేస్తుందో మాత్రం చాలా ఏళ్లపాటు ఆలోచించనే లేదు. ఆ ఏళ్లలో నేను చేసింది తక్కువేమీ కాదు.

ఏటా శీతాకాలం చివర్లో టూసాన్‌లో రత్నాలు, ఖనిజాల ప్రదర్శన జరుగుతుంది. మొరాకో వ్యాపారులు సహారాలో ఏరిన ఉల్కలను పెట్టెల్లో పోసుకుని వస్తారు. ఇంకా వర్గీకరణ జరగని రాళ్లను తూకానికి అమ్ముతారు. అమెరికా ప్రభుత్వ భూముల్లో సొంతానికి ఏరుకున్నవి అమ్మకూడదు గనుక, నా కొనుగోళ్లు, మార్పిళ్లు అన్నీ ఈ సహారా రాళ్లతోనే సాగేవి. కొనేముందు ప్రతి రాయికీ అయస్కాంతం ఆనించేవాణ్ని. అమ్మేటప్పుడు, అయస్కాంతానికి వేలాడుతున్న రాయి ఫొటో తీసి పంపేవాణ్ని. ఆ ఒక్క ఫొటో వల్ల బేరం త్వరగా తెమిలేది. ఇంట్లో అద్దాల బీరువాలో రాళ్లను నిలబెట్టిన స్టాండ్లలోనూ అయస్కాంతాలే. కొత్తగా ఈ అభిరుచిలోకి వచ్చిన పిల్లలకు చిన్న బిళ్లలు కొని పంచేవాణ్ని.

నిజామాబాద్ వైపు మా బంధువులు వాట్సాప్‌లో ఫొటోలు పెట్టి, “బావా, ఇది ఉల్కేనా?” అని అడిగేవాళ్లు. “మ్యాగ్నెట్ పెట్టి చూడు, అతుక్కుంటే చెప్పు” అనేవాణ్ని. కోనసముద్రం లాంటి, ఒకప్పుడు ఉక్కు తీసిన ఊళ్లున్న ప్రాంతం అది. అక్కడి ఇనుప చిట్టెం కూడా తరచూ అతుక్కుంటుంది. చంద్రుడి నుంచి వచ్చిన రాళ్లయితే దాదాపు అతుక్కోవు. అంటే అది గట్టి పరీక్ష కూడా కాదు. అయినా దాన్నే పట్టుకు వేలాడాను.

నా కళ్లు తెరిపించింది ఒక తెలుగమ్మాయి. ఇక్కడ విశ్వవిద్యాలయంలో రాళ్లలోని ప్రాచీన అయస్కాంతత్వం మీద పరిశోధన చేస్తోంది. ఒక పండగ భోజనానికి మా ఇంటికొచ్చినప్పుడు బీరువా తీసి చూపించాను. నాకెంతో ఇష్టమైన రాయి ఒకటి ఆమె చేతికిచ్చి, దీన్ని వర్గీకరణకు పంపుదామనుకుంటున్నానని చెప్పాను. అలా పంపాలంటే 20 గ్రాములు గానీ, మొత్తం బరువులో 20 శాతం గానీ, ఏది తక్కువైతే అంత ముక్క ఒక గుర్తింపు ఉన్న సంస్థకు శాశ్వతంగా అప్పగించాలి. అంత త్యాగానికి సిద్ధపడ్డానని నాకు లోలోపల కాస్త గర్వంగా కూడా ఉంది.

ఆమె రాయిని అటూ ఇటూ తిప్పి చూసి, “అన్నా, దీనికి మ్యాగ్నెట్ ఎప్పుడైనా ఆనించారా?” అని అడిగింది.

“ఆనించకుండా ఎలా కొంటాను?” అన్నాను.

ఆమె ఏమీ అనలేదు. బ్యాగులోంచి మామూలు దిక్సూచి తీసి బల్ల మీద పెట్టింది. రాయిని మెల్లగా జరుపుతూ దాని దగ్గరికి తెచ్చింది. ఇంకా రెండు మూడు అంగుళాల దూరం ఉండగానే సూది కదిలింది. ఉత్తరం చూపే ఎర్ర కొన రాయి వైపు తిరిగింది. తర్వాత రాయిని అదే చోట వెనక్కి తిప్పి పెట్టింది. ఈసారి ఎర్ర కొన దూరంగా జరిగిపోయింది. ఒక పక్క లాగుతోంది, ఇంకో పక్క నెడుతోంది. అంటే ఆ రాయే ఒక అయస్కాంతమై కూర్చుంది. ఇనుము ఉండటం వల్ల మాత్రమే అయితే ఎటు తిప్పినా లాగాలి. సహజంగా మిగిలే పాత అయస్కాంతత్వం ఇంత బలంగా ఉండదనీ, ఇది ఎవరో చేతి అయస్కాంతంతో ఎక్కించిందేననీ ఆమె చెప్పింది. మొరాకోలో ఏరినవాళ్లో, మధ్య వర్తకులో, నేనో. బహుశా అందరమూ.

ఆ రాత్రి ఆమె చెప్పినదాన్ని తర్వాత చదివి, సరిచూసి, నాకు అర్థమైనంతలో చెబుతాను.

వేడి రాయి చల్లారేటప్పుడు, అందులోని ఇనుప ఖనిజాలు ఆ క్షణంలో చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రం దిశనూ బలాన్నీ తమలో బిగించుకుంటాయి. మాగ్నటైట్ అయితే 580 డిగ్రీల సెల్సియస్ దిగువకు వచ్చినప్పుడు. ఆ ముద్ర వందల కోట్ల ఏళ్లు నిలుస్తుంది. ఉల్క మన వాతావరణంలోకి దూసుకొచ్చేటప్పుడు పై పొర కరిగి నల్లని పెంకు కడుతుంది గానీ, ఆ వేడి కొద్ది మిల్లీమీటర్ల కన్నా లోపలికి పోదు. లోపలి ముద్ర అలాగే ఉంటుంది. భూమి అయస్కాంత క్షేత్రం 50 మైక్రోటెస్లాల చుట్టుపక్కల ఉంటుంది. నియోడిమియం బిళ్ల ముఖం మీది క్షేత్రం దానికి వేల రెట్లు. పాత క్యాసెట్‌లోని పాట మీద మరో పాట రికార్డు చేసినట్టు, ఒక్క తాకుడుతో పాతది పోయి మన బిళ్ల ముద్ర పడుతుంది. తర్వాత ఎంత గొప్ప ప్రయోగశాలకు పంపినా వెనక్కి తేలేరు. రాయి పెద్దదై, బిళ్ల తగిలిన చోటుకు దూరంగా లోపలి భాగం ఉంటే, అక్కడ కొంత మిగిలే అవకాశం ఉంది. మేం చేతులు మార్చుకునేవి ఎక్కువగా గుప్పిట్లో ఇమిడేవే.

పోయేది చిన్న సంగతైతే ఇంత బాధపడను. 1940 అక్టోబరు 26న ఇప్పటి మధ్యప్రదేశ్‌లోని సెమర్కోనాలో ఒక రాయి పడింది. ఏడు వందల గ్రాములైనా లేదు. అందులో కాండ్రూల్స్ అనే బుల్లి గుళికలుంటాయి. గ్రహాలింకా పుట్టకముందు, సూర్యుని చుట్టూ తిరిగే వాయుధూళి మేఘంలో కరిగి చల్లారిన బొట్లవి. 2014లో రోజర్ ఫూ, బెంజమిన్ వైస్ తదితరులు ఆ గుళికల్ని కొలిచి, ఆ మేఘంలోని అయస్కాంత క్షేత్రం సుమారు 54 మైక్రోటెస్లాలని తేల్చారు. దాదాపు ఇవాళ భూమి మీద ఉన్నంత. మన దేశంలో పడ్డ రాయి నుంచి సౌరకుటుంబం పుట్టుకనాటి సంగతి తెలిసింది. ఎవరైనా నాలాంటివాడు దానికి ముందుగా బిళ్ల ఆనించి ఉంటే ఆ అంకె మనకు దక్కేది కాదు.

దక్కకుండా పోయిందీ ఉంది. 2011లో మొరాకోలో 320 గ్రాముల నల్లరాయి ఒకటి చేతులు మారింది. దాని అధికారిక నామం నార్త్‌వెస్ట్ ఆఫ్రికా 7034, మావాళ్లు ముద్దుగా పిలిచేది బ్లాక్ బ్యూటీ. అంగారకుడి నుంచి వచ్చింది. అందులో 440 కోట్ల ఏళ్ల నాటి ఖనిజ కణాలున్నాయి. అంగారకుడికి ఒకప్పుడు భూమికున్నట్టే గ్రహమంతటినీ ఆవరించే అయస్కాంత క్షేత్రం ఉండేది, ఇప్పుడు లేదు. అది ఎప్పుడు ఆగిందో తెలిస్తే, ఆ గ్రహం తన గాలినీ నీటినీ పోగొట్టుకున్న కథ కొంత విడుతుంది. దానికి సాక్ష్యం చెప్పగల రాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. ఫొతీనీ వెర్వెలీదూ, వైస్ తదితరులు ఈ రాయి కుటుంబంలోని ముక్కల్ని పరీక్షించి, చేతి అయస్కాంతాలు ఆ పురాతన ముద్రను తుడిచేశాయని 2023లో ప్రచురించారు. అంటార్కిటికాలో శాస్త్రవేత్తలే 1984లో సేకరించిన అలన్ హిల్స్ 84001కి ఆ గతి పట్టలేదు. అందుకే అంగారకుడి పాత క్షేత్రం గురించి ఆ రాయినే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు.

సహారాలో ఏరేవాళ్లను తప్పుపట్టడం నాకు నచ్చదు. అయస్కాంతానికి అతుక్కుంటేనే డబ్బిస్తామని వాళ్లకు నేర్పింది కొనేవాళ్లం. నేను పంపిన ఫొటోలూ ఆ పాఠంలో భాగమే.

ఇప్పుడు బీరువా స్టాండ్లు మార్చాను. ప్రతి రాయి చీటీ మీదా అయస్కాంతం తగిలిందీ లేనిదీ, తెలియకపోతే తెలియదనీ రాస్తున్నాను. కొనేటప్పుడు ముందుగా నల్ల పెంకు చూస్తాను, పరిమాణానికి తగ్గ బరువుందా అని చేత్తో తూచి చూస్తాను, అమ్మేవాళ్లు ఒప్పుకుంటే ఒక మూల కొద్దిగా అరగదీసి లోహపు మెరుపు కోసం భూతద్దం పెడతాను. అతి బలహీనమైన క్షేత్రంతో రాయి స్వభావాన్ని కొలిచే చేతి మీటరు కూడా ఒకటి సంపాదించాను. ఖరీదైనదే. టూసాన్‌లో మాత్రం నా మాట పూర్తికాకముందే వ్యాపారి బిళ్ల తీసి రాయికి టక్కున అంటిస్తాడు, మంచి సరుకని చూపించడానికి.

మా బృందంలో పెద్దవాళ్లు నాతో వాదిస్తారు. హోల్‌బ్రూక్ ఇసుకలో శనగగింజంత రాయిని కర్ర లేకుండా ఎలా వెతుకుతావంటారు. వందేళ్లుగా వేలల్లో దొరికిన రకం, దానికి బిళ్ల తగిలితే నష్టమేంటంటారు. హోల్‌బ్రూక్ వరకు వాళ్ల మాటలో న్యాయముంది, ఒప్పుకుంటాను. కానీ ఊరూ పేరూ తెలియని రాయి మామూలుదో అపురూపమైనదో పరీక్షకు ముందు ఎవరికి తెలుసు? అక్కడ నేను తగ్గను.

మన ఊళ్ల నుంచి వచ్చే ఫొటోలకు ఇప్పుడు నా జవాబు వేరు. కళ్లముందు పడిన రాయైతే కడగొద్దు, పగలగొట్టొద్దు, అయస్కాంతం దగ్గరికి తేవొద్దు. శుభ్రమైన కవర్లో పెట్టి, పడిన చోటూ సమయమూ రాసి, జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు తెలపమంటాను. మన దేశంలో ఉల్కల సంరక్షణ బాధ్యత వాళ్లది. హైదరాబాద్ బండ్లగూడలో కార్యాలయం ఉంది.

నేను అమ్మినవాళ్లలో చిరునామా దొరికినవాళ్లందరికీ ఉత్తరాలు రాశాను. కొందరు చీటీ మార్చుకున్నామన్నారు. ఒకాయన డబ్బు వెనక్కి అడిగితే ఇచ్చాను. ఇంకొకాయన ఎప్పుడో మారుబేరానికి ఇచ్చేశానని, కాగితాలేవీ ఇవ్వలేదని రాశారు. ఆ రాయి 212 గ్రాములుంటుంది. కోడిగుడ్డు ఆకారం, సగం మీద పెంకు పోయి గోధుమ రంగు తేలి ఉంటుంది, సన్నటి కొన దగ్గర అరగదీసి నునుపు చేసిన గోరంత కిటికీ ఉంటుంది. ఎవరి చేతికైనా వస్తే, దానిలోని అయస్కాంతత్వం మా ఇంట్లో ఎక్కిందని చీటీ మీద రాసుకోండి.