నేలకూ ఒక చర్మం కావాలి

మాఘ, ఫాల్గుణ మాసాలలో వేప, రావి చెట్లు ఆకులు రాలుస్తాయి. ఆ రోజుల్లో అఫ్జల్‌గంజ్ పరిసరాల పాత ఇళ్ళ వాకిళ్ళలో రెండు పనులు పక్కపక్కనే జరుగుతూ ఉంటాయి. ఒకవైపు ఊడ్చిన ఎండుటాకుల కుప్పకు నిప్పు పెడతారు. మరోవైపు వాడిపోయిన తులసికి, మల్లెకు పూటపూటకూ నీళ్ళు పోస్తారు. ఈ రెండు పనులకూ సంబంధం ఉన్నదనీ, మొదటిది మానితే రెండవదాని శ్రమ చాలావరకు తగ్గుతుందనీ చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఒళ్ళు బాగా కాలిన రోగి ప్రాణానికి తొలి రెండు రోజుల్లో ముప్పు తెచ్చేది ద్రవనష్టం. రక్తనాళాల నుండి ద్రవం స్రవించిపోవడం ఒకటైతే, చర్మం కోల్పోయిన భాగం నుండి నీరు ఆవిరైపోవడం మరొకటి. అందుకే సెలైను ఎక్కించడంతో ఊరుకోము, గాయాన్ని కప్పుతాము. నేల సంగతీ ఇంతే. బోడిగా ఉన్న మట్టి మీద ఎండ నేరుగా పడుతుంది. పైపొర వేడెక్కి తడి ఆవిరవుతుంది. లోపలి తడి మట్టి సందుల గుండా పైకి పాకి, అదీ గాలిలో కలిసిపోతుంది. మన ఎర్ర చల్కా నేలలైతే ఎండి పైన పెచ్చు కడతాయి. తరువాత పోసిన నీరు లోపలికి ఇంకకుండా పక్కకు జారిపోతుంది. మట్టిపై రెండు అంగుళాల ఎండుటాకులు పరిస్తే ఎండకు అడ్డు, గాలికి అడ్డు, వాన చినుకుల తాకిడికీ అడ్డు.

వ్యవసాయశాస్త్రంలో దీనిని మల్చింగ్ అంటారు. ప్రకృతి సేద్యం చేసే రైతులు ఆచ్ఛాదన అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో 2016లో రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో బీజామృతం, జీవామృతాలతో పాటు ఇదీ ఒక మూలసూత్రం. అనంతపురం వంటి వానలు తక్కువైన జిల్లాలో తొలకరికి ముందే పలురకాల విత్తనాలు చల్లి, నేలను గడ్డితో కప్పే రైతులున్నారు. వారు పొలంలో చేసేదే మనం కుండీలో చేయవచ్చు.

అఫ్జల్‌గంజ్ నీటి రెండు ముఖాలనూ చూసిన చోటు. 1908 సెప్టెంబరు 28న మూసీ ముంచెత్తినప్పుడు వేలమంది మరణించారు. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బ్రతికారని చెప్పుకుంటారు. ఆ వరద తరువాతనే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు నిర్మించారు. నేడు అవి చాలక కృష్ణా, గోదావరి జలాలను వంద కిలోమీటర్లకు పైగా దూరం నుండి ఎత్తిపోసి నగరానికి తెస్తున్నారు. మనకు ఏడాదికి పడే ఎనభై సెంటీమీటర్ల వానలో అధికభాగం నాలుగు నెలల్లోనే కురుస్తుంది. తక్కిన నెలల్లో కుండీలో పోసే చెంబెడు నీరు అంత దూరం ప్రయాణించి వచ్చినదే. దానిని మధ్యాహ్నానికల్లా గాలిపాలు చేయడం న్యాయం కాదు.

ఇక పొగ సంగతి. ఎండుటాకులు కాలినప్పుడు వెలువడే సూక్ష్మ ధూళికణాలు తల వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతుకంటే చిన్నవి. ముక్కు, గొంతు వాటిని ఆపలేవు; అవి ఊపిరితిత్తుల చివరి గాలిగదుల దాకా చేరుతాయి. గాలిలో వీటి వార్షిక సగటు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. మన జాతీయ ప్రమాణం 40. బహిరంగంగా చెత్త కాల్చడాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే నిషేధించి, మామూలుగా కాల్చినవారికి 5,000, భారీగా కాల్చినవారికి 25,000 రూపాయల పరిహారం విధించమన్నది.

కానీ చట్టం కంటే ముందు ఒక నమ్మకంతో మాట్లాడవలసి ఉంటుంది. ఉబ్బసంతో బాధపడే ఆరేళ్ళ మనుమణ్ణి తీసుకొని నా దగ్గరకు వచ్చే ఒక పెద్దావిడ రోజూ సాయంత్రం వేపాకు పొగ వేసేవారు. మానమంటే, “పొగ లేకపోతే మూసీ దోమలు మమ్మల్ని బతకనిస్తాయా డాక్టరుగారూ?” అన్నారు. “పొగ వేస్తే దోమ కాసేపు పక్కింటికి పోయి మళ్ళీ వస్తుందమ్మా. పిల్లవాడు ఎక్కడికి పోతాడు?” అన్నాను. ఆవిడ దోమతెర కొన్నారు. ఆకులను మేడమీది కుండీల్లో వేశారు. ఇన్‌హేలరు క్రమంగా వాడటంతో పిల్లవాడి ఆయాసం తగ్గింది. అందులో పొగ మానడం పాలు ఎంతో ఒక్క రోగిని చూసి తేల్చడం శాస్త్రం కాదు. అయితే పొగ ఉబ్బసాన్ని రేపుతుందన్నది మాత్రం నిస్సందేహం.

కప్పడానికి కొనవలసినదేమీ లేదు. ఎండుటాకులు, కొబ్బరి పీచు, పల్లీ పొట్టు, మామిడిపండ్లు మాగవేసిన వరిగడ్డి, చినిగిన గోనెసంచి అన్నీ పనికివస్తాయి. చెరకు పిప్పిని కడిగి ఎండబెట్టకపోతే చీమలు పడతాయి. ముందు మట్టిని బాగా తడిపి, ఆ తరువాతే కప్పాలి. నేల మీద రెండు మూడు అంగుళాలు, కుండీలో ఒక అంగుళం చాలు. కాండం చుట్టూ రెండు అంగుళాలు ఖాళీ వదలాలి. లేకుంటే మొదలు కుళ్ళుతుంది. వానాకాలంలో పొరను పలుచన చేయాలి.

వైద్యుడిగా కొన్ని జాగ్రత్తలు చెప్పక తప్పదు. వంటింటి వ్యర్థాలను పచ్చిగా పరచవద్దు. ఎలుకలు చేరుతాయి, వాటి మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ రావచ్చు. కొబ్బరి చిప్పలను వెల్లకిలా వేయవద్దు. నిలిచిన గుక్కెడు నీటిలోనే డెంగీ దోమ పెరుగుతుంది. నేల మీది ఆకుల పొరలోకి చేయి పెట్టేముందు కర్రతో కదపండి, తేలు ఉండవచ్చు. బూజు పట్టిన ఆకులను దులిపేటప్పుడు కాస్త నీళ్ళు చల్లి, మాస్కు కట్టుకోండి. ఉబ్బసం, పాత క్షయ మచ్చలు ఉన్నవారు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవారు ఆ పని ఇతరులకు అప్పగించడం మేలు. ధనుర్వాతం టీకా పదేళ్ళకొకసారి వేయించుకోండి. చెదలు పట్టే అవకాశం ఉన్నది గనుక గోడలకు, తలుపు చట్రాలకు దూరంగా పరచండి.

నా మాట నమ్మనవసరం లేదు, మీరే పరీక్షించవచ్చు. ఒకే పరిమాణమున్న రెండు కుండీలలో ఒకే మొక్క ఉంచి, ఒకదానిని మాత్రమే కప్పండి. రెంటికీ సమానంగా నీళ్ళు పోసి, మర్నాడు, మూడవనాడు మట్టిలోకి వేలు రెండవ కణుపుదాకా దించి చూడండి. తడి తగిలినన్నాళ్ళు ఆ మొక్కకు నీళ్ళు అక్కరలేదు. వైశాఖమాసపు ఎండలో బిందె మోసుకొని మేడమెట్లు ఎక్కే పెద్దవారికి అలా తప్పిన ప్రతి ప్రయాణమూ ఆరోగ్యలాభమే.